నీలం గోళ్ళు

అక్కా,

నా కూతురి మీద నీకింకా కోపం తగ్గలేదని బావగారు ఫోన్‌లో చెప్పారు. ఆ కోపం నా మీద పడాల్సింది.

దాని జుట్టుకి నీలం రంగు వేసింది నేనే. సెలవుల్లో ఒక్కసారి వేయమని బతిమాలింది. పొద్దస్తమానం పార్లర్‌లో పరాయివాళ్ళ తలలకి వేసేదాన్ని, కన్నకూతుర్ని కాదనలేకపోయాను. వాళ్ళకైతే గ్లవ్స్ తొడుక్కుంటాను. దీని తలకి అవెందుకని ఉత్త చేతులతోనే పట్టించాను. ఇద్దరం అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వాం.

మీ ఇంటికొచ్చిన రోజు గుమ్మంలోనే, "ఇదేం వేషమే? పిల్లని అదుపులో పెట్టుకోవడం తెలీదా నీకు?" అన్నావు. వెనకాల మీ అత్తగారు నిలబడి ఉన్నారు. "నేను పార్లర్‌కి వెళ్ళినప్పుడు అదే వేసేసుకుంది" అనేశాను. అది నా వంక ఒకసారి చూసి, "అవును పెద్దమ్మా" అంది.

ఆకలి లేదని ఆ పూట నేను ప్లేటు ముట్టుకోలేదు. మీ భోజనాలయ్యాక, "గిన్నెలు కడుగుదాం రావే" అని నువ్వు నన్ను పిలిచావు. నేను లేచేలోపే అది సింక్ దగ్గరికి వెళ్ళిపోయింది. "తప్పు చేసింది కదా, ఒళ్ళు వంచి పని చేస్తోంది" అని నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను.

దానికొకసారి ఫోన్ చెయ్యక్కా. అది లేచింది నువ్వనుకున్నందుకు కాదు. బల్ల కింద దాచుకున్న నా గోళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయని దానికి తెలుసు.

నీ చెల్లెలు