దుప్పటి మూలన గుర్తు

తార్నాక,
జూలై 2011

బావగారికి,

మీ క్షేమం అడగబుద్ధి కావడం లేదు.

మా యూనివర్సిటీ హాల్లో చోరీ అయిన పాత చిత్రం మల్కాజ్‌గిరిలో ఒక కొట్టులో పోలీసులకు దొరికింది. దాన్ని చుట్టిన దుప్పటి మూలన మా ఇంటి బట్టలకు ధోబీ వేసే గుర్తుంది. "గీ దుప్పటి మీదేనా మేడం?" అని ఇన్‌స్పెక్టర్ అడిగారు. మాదే. డిసెంబరులో చలిగా ఉందని మీకు కప్పుకోమని ఇచ్చిందే.

"ఇది ఉద్యమం పిల్లల పనే, ఆ నర్సింలు పేరు చెప్పు" అన్నారు మీరు, చోరీ జరిగినప్పుడు. నమ్మి, నా విద్యార్థి పేరు నేనే పోలీసులకు చెప్పాను. పన్నెండు రోజులు జైల్లో ఉండి వచ్చాడు. "మీరెట్ల నమ్మిన్రు మేడం?" అన్నాడు, అంతే.

సోమవారం స్టేషన్‌కెళ్లి, దుప్పటి ఎవరికిచ్చానో రాసిస్తాను. అక్కకు ముందుగా మీరే చెప్పండి. ఈసారి ఇంకెవరి పేరూ చెప్పకండి.

మీ మరదలు