ఒంటిపూట గుండు

ఎమ్మిగనూరు,
జనవరి 19

ప్రియమైన మారుతన్నకు,

రూత్ వందనాలు. రెండు నెలలుగా ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి నీ మిల్లు అడ్రసుకే రాస్తున్నాను. పత్తి సీజన్లో కాటా దగ్గర గుమాస్తాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదని తెలుసు. అయినా ఇది చదివి జవాబు రాయాలి.

బెంగళూరులో గుండ్లెక్కే శిక్షణ సంగతి నీకు చెప్పాను కదా. మూడు నెలలు, తిండీ బసా వాళ్లవే. ఫారంలో ఒక గడి ఉంది. మనం ఎక్కిన రాతిగుండ్లలో అన్నిటికంటే కష్టమైనది ఏది, దాని గ్రేడు ఎంత, ఎక్కి చూసి ఆ గ్రేడు సరే అన్న రెండో మనిషి ఎవరు, ఇవి రాయాలి. వీ పక్కన అంకె పెరిగేకొద్దీ కష్టం కదా, వీ-10కి తగ్గితే పిలవరట.

నా వరకు కష్టమైనది ఆదోని కొండ కింద మన ఒంటిపూట గుండే. నేను అక్కడ డిగ్రీ చదివేటప్పటి నుంచి మూడేళ్లు ఇద్దరం దాని కింద పడి లేచాం. నవంబరులో నేను ఎక్కిన రోజు "మొదుట ఎక్కినదానివి నువ్వే, పేరు నువ్వే పెట్టాల" అన్నావు. పొద్దెక్కితే రాయి ముట్టుకోలేమని ఒంటిపూట అని పెట్టాను. అంకె మాత్రం నిన్నే అడిగాను. అప్పటికి నేను ఆదోని దాటి ఎక్కింది లేదు, నువ్వు హంపీలో ఎక్కినవాడివి. వీ-8 అన్నావు. మూడు రోజులకు నువ్వూ ఎక్కానని, ఆ అంకె సరేనని ఫోన్లో చెప్పావు.

వీ-8 అనే రాయమంటావా అన్నా? ఒకసారి ఆలోచించి చెప్పు. అమ్మ నిన్ను అడిగింది.

నీ చెల్లెలు,
రూత్


ఆదోని,
జనవరి 27

ప్రియమైన రూతుకు,

నీ ఉత్తరం కాటా దగ్గరికే వచ్చింది. మా మద్దయ్య కవరు అటూ ఇటూ తిప్పి, "ఈ కాలంలో ఉత్తరమేందప్పా, యాడన్నా పిల్లను సూసుకున్నావా" అని నలుగురిలో నవ్వాడు. చెల్లెలు రాసిందంటే నమ్మడే.

ఫోన్ ఎత్తకపోవడానికి పనే కారణం, మనసులో ఏమీ పెట్టుకోకు. గేటు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఇంటికి పోయేసరికి కనుబొమ్మల నిండా దూదే.

ఇక నువ్వు అడిగింది. వీ-8 అనే రాయి. లేని గొప్ప చెప్పుకుంటే బెంగళూరు వాళ్లు ఇట్టే పట్టేస్తారు, పోయేది మన పరువే. నేను రెండో ప్రయత్నంలోనే ఎక్కాను, అది అంతకంటే ఎక్కువ ఎట్లా అవుతుంది? వచ్చే ఏడాది ఇంకా కష్టమైనది ఎక్కుదువు గానీ. నీకేం వయసు మించిపోలేదు.

మేరి పిన్నికి నమస్కారాలు చెప్పు.

నీ అన్న,
మారుతి


ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి 2

ప్రియమైన అన్నకు,

నువ్వు చెప్పినట్టే రాస్తాను. ఇంకొక్కటి కావాలి. రెండో మనిషి ఎట్లా ఎక్కాడో అతని మాటల్లోనే నాలుగు వాక్యాలు ఉండాలట.

గుండు నడుము దగ్గర గోరంత మందం అంచు ఉంది కదా, మూడేళ్లు మన ఇద్దరి చేతులూ జారింది అక్కడే. దాన్ని నువ్వు ఏ చేత్తో పట్టావు? అప్పుడు కాలు ఎక్కడ పెట్టావు? అంతవరకు రాసి పంపితే చాలు.

నీ చెల్లెలు,
రూత్


ఆదోని,
ఫిబ్రవరి 24

ప్రియమైన రూతుకు,

అట్లా పిలిచే అర్హత నాకు లేదు. అయినా వేరే రకంగా మొదలుపెట్టడం చేతకాలేదు.

నేను ఆ గుండు ఎక్కలేదు. నవంబరులో ఎక్కలేదు. నీ రెండో ఉత్తరం వచ్చాక మూడు ఆదివారాలు పోయాను, అప్పుడూ ఎక్కలేకపోయాను. చెప్పిన అబద్ధాన్ని ఆలస్యంగానైనా నిజం చేద్దామనుకున్నాను. వేళ్ల తోలు ఊడింది గానీ ఆ అంచు మీద చెయ్యి నిలవలేదు.

ఆ రోజు నువ్వు ఎక్కుతుంటే కింద మిల్లు దూది కుక్కి కుట్టిన పరుపు పక్కన చేతులు చాచుకుని నిలబడ్డాను, పడితే పట్టుకుందామని. నువ్వు పడలేదు. పైనుంచి "అన్నా, ఎక్కినాను" అని పిలిచావు. నాకు సంతోషం కలగలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రాయి ఎట్లా పట్టుకోవాలో నీకు నేర్పింది నేను. ఊళ్లో ఎవరడిగినా నా శిష్యురాలని చెప్పుకున్నది నేను. ఆ శిష్యురాలు నేను అందుకోలేని చోట నిలబడితే కడుపు మండింది.

హంపీలో వీ-10లు రెండు ఎక్కాను. ఒంటిపూట వాటికంటే చాలా పైన. వీ-12 అని నోటిదాకా వచ్చింది. "ఎనిమిదుంటాదిలే" అన్నాను. నీ మొహం చిన్నబోయింది. అప్పుడైనా దిద్దుకోలేదు. ఎక్కనివాడు అంకె చెప్పకూడదని నీకు నేర్పిన నోటితోనే, నీకు అనుమానం రాకూడదని, నేనూ ఎక్కానని చెప్పాను. నీ ఫోన్ వచ్చినప్పుడల్లా సెల్లు బోర్లా పెట్టి కూర్చున్నాను.

బెంగళూరు వాళ్లకు జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది. ఫారంతో జతచేసి పంపు. ఇకమీదట నా మొహం చూడకపోయినా నీ తప్పు లేదు.

మారుతి


ఎమ్మిగనూరు,
మార్చి 3

ప్రియమైన అన్నకు,

నీ కాగితం పంపలేదు. ఫారం గడువు డిసెంబరు పదిహేనుతోనే అయిపోయింది. వీ-8 అని, రెండో మనిషి నువ్వని రాసి అప్పుడే పంపాను. వద్దన్నారు. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే వాళ్ల జవాబు నా చేతిలో ఉంది.

క్రిస్మస్ సెలవుల్లో మా బడిలో పనిచేసే భూమికతో హంపీ పోయాను. తనకు అక్కడి గుండ్లు కొట్టినపిండి. వీ-8 అన్న గుండ్లు నాలుగు ఒక్క పొద్దున్నే ఎక్కేశాను. ఆ రోజు ఫోన్ రాయికి ఆనించి తీసుకున్న ఒంటిపూట గుండు వీడియో చూపిస్తే భూమిక, "ఇది ఎనిమిదని ఎవురే నీకు సెప్పింది?" అని అడిగింది. నీ పేరు చెప్పలేకపోయాను. తప్పు చేసింది నువ్వు, తల దించుకున్నది నేను.

ఫారం ఇంకా నా దగ్గరే ఉన్నట్టు రాయడం నా అబద్ధం. నీ అంతట నువ్వు చెబుతావేమో చూద్దామనుకున్నాను. పెద్దవాడికి అట్లా పరీక్ష పెట్టడం మంచి పని కాదని ఇప్పుడు తెలుస్తోంది. అందుకు నాకూ సిగ్గుగానే ఉంది.

వచ్చే డిసెంబరు మళ్లీ ఫారం వేస్తాను. వీ-12 అని నేనే రాస్తాను. ఎవరైనా నిజంగా ఎక్కేదాకా రెండో మనిషి గడి ఖాళీగానే ఉంటుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ తప్పు ఉంది, నీ సిగ్గు ఉంది, నీ వేళ్ల తోలు ఊడిన సంగతి కూడా ఉంది. ఒక్క మాట కోసం వెతికాను. ఆ రోజు గుండు మీద నిలబడి నిన్ను పిలిచింది కూడా ఆ మాట కోసమే. అది ఇందులోనూ లేదు.

రూత్


ఆదోని,
మార్చి 9

ప్రియమైన రూతుకు,

బాగ ఎక్కినావమ్మా. నాకంటే బాగ ఎక్కినావు.

మారుతి