నాలుగు వేళ్ళు చాలని గుమ్మం

ఇరవై నాలుగేళ్ళ వయసు, రెండో ప్రయత్నంలో సాధించిన డిగ్రీ, నిక్షేపంలాంటి ఆరోగ్యం కలిగి, ఈ ఇంటి రెండో సంతానమైన నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాస్తున్న వీలునామా ఇది. తెలివి పూర్తిగానే ఉందా అని మా అక్క అడగవచ్చు. ఆవిడ టైపిస్టు. దీని అమలు బాధ్యత ఆవిడదే కనుక, నోరు మూసుకుని టైపు చేయవలసిందిగా మనవి.

మరణ కారణం ముందే నమోదు చేస్తున్నాను: రేపు పదింటికి, మా నాన్న చేతిలో.

1. ఆస్తి వివరం: వెనక షెడ్డులోని ఎర్ర కారు. రెండు తలుపులు, రెండు సీట్లు, ఒక టర్బో. ఇలాంటివి లోకంలో మూడొందలే చేశారట. లేత్ మిషను మీద పనిచేసే మా నాన్నని వర్క్‌షాపులో అందరూ మిల్లీమీటరు అంటారు. తుక్కుగా తెచ్చుకుని, దొరకని ప్రతి భాగాన్నీ ఆరేళ్ళపాటు స్వయంగా తయారుచేసి బతికించారు. కారు నాది కాదు. అయినా అమ్మకానికి పెట్టాను. అదీ నేరం.

2. పైగా అది బయటికి రాదు. కారు విప్పి పరిచి ఉన్న రోజుల్లో దాని చుట్టూ షెడ్డు కట్టింది తాపీమేస్త్రీ అయిన మా బాబాయి. గుమ్మం కొలత నాన్నే ఇచ్చారు. అప్పటికి మడ్‌గార్డులు గోడకి వేలాడుతున్నాయి. అవి వెల్డింగు చేసి బిగించాక, కారు గుమ్మం కన్నా నాలుగు వేళ్ళు వెడల్పని తేలింది. "ఇచ్చిన కొలతే కట్టా" అని బాబాయి. "గుమ్మం వంకర" అని నాన్న. నాకు అప్పుడు ఆరేళ్ళు. ఆనాటి నుంచి ఎదురెదురుగా కూర్చుని కూడా "వాడికి చెప్పు", "మీ నాన్నకి చెప్పు" అని నాతోనే కబుర్లు పంపుకుంటున్నారు. ఈ ఉద్యోగం అక్కకి చెందుతుంది. సెలవులు ఉండవు.

3. ప్రతి ఆదివారం పదింటికి నాన్న బూట్లు తొడుక్కుని, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ఇంజను ఆన్ చేస్తారు. మేం వయసు వరసన తలా పది నిమిషాలు పక్క సీట్లో కూర్చుని ఎక్కడికి వెళ్ళాలో చెప్పాలి. అమ్మ సముద్రం దాకా ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో లెక్కలేదు. టర్బో ఈల వేయగానే నాయనమ్మ "నెమ్మదిరా, మలుపుంది!" అని డాష్‌బోర్డు పట్టుకుంటుంది. అంగుళం కదలని కారులో రెండుసార్లు వాంతి చేసుకున్న మనిషి ఆవిడ. నా వంతు పది నిమిషాలు నాయనమ్మకి. అద్దం దించుకునే హక్కుతో సహా.

4. ఇక నా ప్రకటన: "అరుదైన పాతకాలపు టర్బో స్పోర్ట్స్ కారు. ఇంజను కండిషన్‌లో ఉంది. పద్దెనిమిదేళ్ళలో తిరిగినది సున్నా కిలోమీటర్లు." ప్రతి అక్షరం నిజం. స్నేహితులు నవ్వుతారనుకున్నాను. నవ్వారు. ఒక పళ్ళ డాక్టరు మాత్రం ఏడ్చాడు, ఫోనులో, నిజంగానే. "సున్నానా బాబూ! ఎవరికీ ఇవ్వకండి. ఆదివారం పదింటికొచ్చి నడుపుకుంటూ తీసుకెళ్తా." వద్దని చెబుదామంటే ఇప్పుడు ఫోను ఎత్తడు. "బయల్దేరాను, రాత్రంతా ప్రయాణం" అని ఒక్క మెసేజి. ఆయన మనోవ్యథకి పరిహారంగా నా కుడి కింది జ్ఞానదంతం రాసిస్తున్నాను. పీక్కునే శ్రమ ఆయనదే.

5. నా హెల్మెట్ బాబాయికి. షెడ్డు మాట వస్తే నాన్న చేతికందిన వస్తువు ముందు అటే వెళ్తుంది.

6. నాన్నకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆరో తరగతిలో "మా కారు ఈల వేస్తుంది" అంటే ఎవడూ నమ్మలేదు. నలుగుర్ని ఇంటికి తెచ్చాను. నాన్న ఒక్కొక్కణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని, "ఏ వీధిరా మీది?" అని అడిగి, గేర్లు మార్చి, మలుపులు తిప్పి, బ్రేకు వేసి, "ఇదిగో, మీ ఇల్లొచ్చింది" అని దింపారు. వాళ్ళు "థాంక్స్ అంకుల్" అని దిగి, షెడ్డులోంచి నడుచుకుంటూ ఇళ్ళకి పోయారు. నాన్నా, జోకు వేశాను, తప్పయింది. అమ్మొద్దు.

ఇది నా మొదటి వీలునామా. బతికుంటే ఇంతకన్నా మంచిది రాస్తాను.

తేదీ: ఈ నెల పద్నాలుగు, శనివారం, సాయంత్రం.

సంతకం: చిన్నోడు (ఈ ఇంట్లో "ఒరేయ్" అంటే పలికేవాడు)

మొదటి సాక్షి, నాన్న (కాలేజీ కాగితమని చెప్పి సంతకం పెట్టించబోయాను, మిల్లీమీటరు చదవకుండా పెడతారా), స్వదస్తూరితో: "చదివాను. కారు అమ్మను. కొలత తప్పు నాదే, మడ్‌గార్డులు మరిచాను. తమ్ముడూ, సుత్తి పట్రా, గుమ్మం పగలగొడదాం. డాక్టరుగారు అంత దూరం నుంచి వస్తున్నారు, రేపు ఒక రౌండు తిప్పి పంపిద్దాం."

రెండో సాక్షి, బాబాయి: "తెచ్చానన్నయ్యా. నాలుగు వేళ్ళు కాదు, ఐదు. ఇంకా తప్పే కొలుస్తున్నావ్."

మూడో సాక్షి, నాయనమ్మ, వేలిముద్ర (ఆవిడ చెప్పగా అక్క టైపు చేసినది): "నిజంగా కదులుతుందంటే నేనెక్కను."