ఎరువు తెచ్చిన పర్షియా పలకలు

సూర్యాపేట,
14 జూలై 2025, సోమవారం

శ్రీయుత జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
చిలుకూరు మండలంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు కృపాకర్ వ్రాసుకొను అర్జీ.

విషయం: కళాశాల బస్సు ప్రమాద నష్టపరిహారం వసూలు నిమిత్తం జప్తు చేసిన పన్నెండు పర్షియా మట్టిపలకలను వేలం నుండి తప్పించి, సొంతదారునకు అప్పగించుట గురించి.

అయ్యా,

1. 2022 నవంబరులో, కోదాడ శివారులోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల బస్సు సూర్యాపేట వస్తుండగా బ్రేకులు పడక, ఆగి ఉన్న లారీని గుద్దుకొన్నది. నలుగురు విద్యార్థులు మరణించిరి. జాబితాలో మూడవ పేరు కుమారి శ్రీలత, కంప్యూటర్స్, మూడవ సంవత్సరం. నా కుమార్తె. ఒక్కతే. బస్సుకు బీమా గడువు తీరిపోయినందున పరిహారం యాజమాన్యమే చెల్లించవలెనని ట్రిబ్యునల్ తీర్పిచ్చినది. వారు చెల్లించక కళాశాలకు తాళం వేసిరి. అందుపై గత మే నెలలో రెవెన్యూ సిబ్బంది అక్కడి సామాను జప్తు చేసిరి.

2. పంచనామాలో బెంచీలు, ఫ్యాన్లు, కంప్యూటర్ల తరువాత 61వ వరుసలో "పాత మట్టి బిళ్ళలు – 12" అని ఉన్నది. ఇవి బిళ్ళలు కావు. సుమారు రెండున్నర వేల ఏళ్ళ కిందట పర్షియా దేశంలో పచ్చిమట్టిపై మేకుల వంటి అక్షరాలతో వ్రాసిన పలకలు. అరచేతిలో ఇముడుతాయి. కాల్చినవి కానందున నీరు తగిలితే మళ్ళీ మట్టి అవుతాయి.

3. ఇవి కళాశాల సొత్తు కాదు. మిర్యాలగూడలో ఇరానీ చాయ్ హోటల్ నడిపిన గులాం రజా గారివి. వారి తాతగారు ఇరాన్ నుండి వచ్చినప్పుడు వెంట తెచ్చుకొన్నవి. నా కుమార్తె మిర్యాలగూడలోని మేనత్త ఇంటికి పోయినప్పుడల్లా ఆ హోటలుకు పోయేది. కళాశాలలో ప్రదర్శన కోసం ఆయనను బతిమాలి తెచ్చినది. ఫొటోలు తీసి హైదరాబాదులోని ఒక ఆచార్యునికి పంపి, ఒక పలకను చదివించినది. ఆ రోజు చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి పోయి వాళ్ళమ్మతో, "అమ్మా, గిందుల ఏమున్నదో తెలుసా? ఆడపిల్లను కన్న తల్లికి ఇన్ని గింజలియ్యాలె అని రాసిండ్రు. పేరు లేదు. గా తల్లి ఎవరో, గా పిల్ల ఎవరో!" అన్నది. నా భార్య నాగమణి, "ముందుగాల నువ్వు తిను, తర్వాత గామెకు పెడుదువు" అన్నది. ప్రదర్శన ముగిసిన మూడవ నాడు ప్రమాదం జరిగినది.

4. కళాశాల గ్రంథాలయ రిజిస్టరులో ఇట్లున్నది: "రజా సాబ్ దగ్గర ఎరువు తెచ్చినవి. ప్రదర్శన కాగానే నేనే ఇచ్చి రావాలి. – శ్రీలత." దస్తూరి నా కుమార్తెదని నేను ధ్రువీకరిస్తున్నాను. దవాఖానలో ఆమెను గుర్తించిన వాడినీ నేనే. అప్పుడు కాలి వేలికి పురికొసతో ఒక చీటీ కట్టి, దానిపై సంఖ్య వేసిరి. ఇప్పుడు పలకలకు అట్లే కట్టినారు.

5. ఈ నెల ఒకటవ తేదీన జప్తు సామాను ఉంచిన తహసీల్దారు కార్యాలయం వెనుక గదికి పోయి చూడగా కప్పు కారుచున్నది. అటెండరు వెంకటేశం నేల మీది ఎర్రటి ముద్దను చూపి, "సారూ, గిదేందో గని వానకు కరిగింది. ఊడ్చేద్దామనుకుంటున్న" అన్నాడు. నేను దానిని దోసిట్లోకి ఎత్తుకొన్నాను. ఆ తల్లి సంగతి వ్రాసిన పలక అదే అవునో కాదో తెలియలేదు. నాటి నుండి తరగతిలో సుద్దముక్క పట్టుకుంటే వేళ్ళకు ఆ తడి తగులుతున్నది. హాజరు పిలుస్తూ మధ్యలో ఒక పేరు అదనంగా పిలుస్తున్నాను. మొదట్లో పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు నవ్వడం లేదు. అర్జీలో ఈ మాటలు ఉండదగవని ఎరుగుదును. కొట్టివేయుటకు చేయి రాలేదు.

6. పలకలు లక్షలు పలుకుతాయని ఎవరో వ్యాపారి చెప్పగా, వేలం తేదీ ఆగస్టు 4గా ప్రకటించిరి. వద్దని నేను అన్నందుకు, అదే ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న చివ్వెంల రాములమ్మ గారు తమ కార్యాలయం వరండాలోనే నన్ను నిలదీసినారు. "నీకు నెల తిరిగితే జీతమొస్తది సారూ. నాకు కూలికి పోతెనే బువ్వ. వాడుంటే నన్ను సాకుతుండె. మన్ను బిళ్ళల మీద నీకున్న ప్రేమ, పావురం మా మీద లేదా?" అన్నారు. ఆమె అన్నది న్యాయమే. కానీ నా బిడ్డ ఇచ్చి వస్తానని చెప్పి తెచ్చిన పరాయి సొమ్ము అమ్మి, అదే బిడ్డ ప్రాణానికి పరిహారమని ఇస్తే, అందుకొనుటకు నాకు చేతులు లేవు.

7. కావున, కళాశాలను నడిపిన సంఘం పేరనే మిర్యాలగూడ దగ్గర ఇంతవరకు ఎవరూ ముట్టని రైస్ మిల్లును జప్తు చేయించి, రాములమ్మ గారికి మొదట, మిగిలిన రెండు కుటుంబాలకు తరువాత, నాకు చివరన ఇప్పించవలెను. పలకలను తక్షణమే పొడి గదికి మార్పించి, రజా గారికి చేర్పించవలెను. ఆయన మంచం పట్టి ఉన్నారు. ఆయన తరఫున అర్జీ పెట్టువారు లేరు గనుక పరిహారం రావలసిన నేనే పెట్టుచున్నాను.

తమరు దయతో చిత్తగించి, మరో పెద్ద వాన పడకముందే ఉత్తర్వు ఇప్పింతురని నమ్మి,

తమ విధేయుడు,
కృపాకర్

తా.క. సార్, ఒక సంగతి దాచాను. ఆ గదిలో ఇప్పుడు పదే ఉన్నవి. ఒకటి కరిగినది. తడిగోడకు ఆనుకొని ఉన్న ఇంకొకటి, ఆ రోజే నేను టిఫిన్ డబ్బాలో పెట్టుకొని తెచ్చినాను. వెంకటేశానికి తెలియదు. నాగమణి దానిని మెత్తని గుడ్డలో చుట్టి, రెండు వారాలు బీరువాలో తన చీరల మధ్య ఉంచుకొన్నది. నిన్న ఆదివారం ప్రార్థనకు కూడా పోకుండా, "నడువు, ఇచ్చొద్దాం" అన్నది. మిర్యాలగూడ పోయినాము. రజా సాబ్ పలకను కళ్ళకు అద్దుకొని, మా వెనకాల ఎవరైనా ఉన్నారా అని చూసినారు. "బేటీ ఏదీ? నేనే తెస్తా అన్నది కదా" అన్నారు. మూడేళ్ళు కావస్తున్నా ఆయనకు ఎవరూ చెప్పలేదు సార్. నేను నోరు తెరిచేలోపే నాగమణి, "పరీక్షలున్నయి సాబ్. మిగిలినయి తనే తెస్తది" అన్నది. నేను కాదనలేకపోయిన.

దొంగతనం కేసు పెడితే నా పేరొక్కటే రాయండి. గా పది పలకలు మాత్రం జర జల్ది ఇప్పియ్యండి సార్. ముసలాయన తలుపు దిక్కే సూస్తున్నడు.