దేవుడి బస్తా

ఫిబ్రవరి 11, మంగళవారం

"ఈ ఒక్క ఏడాది నా కారం మిల్లులో పని చెయ్యరా, వచ్చే ఏడాది గుంటూరు కాలేజీలో చేర్పిస్తా" అన్నాడు మా మేనమామ. నాకప్పుడు పదహారేళ్ళు. ఆ వచ్చే ఏడాది ఇంతవరకు రాలేదు. చివరికి ఆ మిల్లు నేనే కొన్నాను. దొరికిన పుస్తకమల్లా చదివాను. కాలేజీ గుమ్మం మాత్రం తొక్కలేదు.

ఈరోజు సత్తెనపల్లి నుంచి కొత్త మిరపకాయలు దిగాయి. మొదటి బస్తా దేవుడి పేర పక్కన పెట్టడం మా ఆనవాయితీ. నాలుగేళ్ళుగా ఆ బస్తా కారం మీద వచ్చిన డబ్బుతోనే ఆఫ్రికాలోని మలావీ దేశంలో గ్రేస్ అనే పేదపిల్ల చదువుకుంటోంది. మా అబ్బాయి శ్రీను దాన్ని మిగతా బస్తాల్లో కలిపేయబోయాడు.

"రేటు పడిపోయింది నాన్నా. ఈ ఒక్క ఏడాది ఆపుదాం. ఆ పిల్లెవరో, ఆ దేశమెక్కడో. మన ఊళ్ళో దేవుడు లేడా?"

"ఉన్నాడ్రా. ఆయనకి పరీక్షలు లేవు, ఆ పిల్లకి ఉన్నాయి."

"ఈయనతో మనం వాదించలేం లెండి" అని కోడలు నవ్వింది.

ఒక్క ఏడాది. అవే మాటలు. వెళ్ళి ఆ బస్తా మీద కూర్చున్నాను. ఘాటుకి తుమ్ముతూనే, మిగతావన్నీ మరపట్టేదాకా లేవలేదు. రేపు దాన్ని విడిగా, నా కళ్ళ ముందే ఆడిస్తాను. ఫీజు నేనే పంపుతాను.

మామయ్య మాట తప్పాడు, అది ఆయన బుద్ధి. ఆ రోజు పక్కనే కూర్చుని, అంతా విని, చుట్ట ఆర్పకుండా ఊరుకున్న మనిషిని మాత్రం ఇప్పటికీ క్షమించలేను. మా నాన్న, కోటయ్య.