ఆపరేషన్ కాగితం మీద సంతకం

సుబేదారి, 5-8-1986

తమ్ముడు మాధవరావుకు అక్క దీవెనలు.

లండన్ కచేరీని నేను పొగరుతో వదులుకున్నానని మన ఊళ్ళో చెప్పుకుంటున్నారట. అది నిజం కాదు. నా గొంతులో ఉన్నది కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేస్తే మాట, పాట రెండూ పోతాయి. చేయకుంటే ఏడాది బతకనన్నారు.

నిన్న దవాఖానలో గుమాస్తా, "ఇంట్ల మగోళ్ల సంతకం గావాలె మేడమ్, మీ తమ్మునికి కబురు పెట్టుండ్రి" అన్నాడు. "మాస్కో వెళ్ళి పాడి రావడానికి నా సంతకమే సరిపోయింది నాయనా, నా గొంతు కోయడానికి ఎందుకు చాలదు?" అన్నాను. పక్కనున్న నర్సు నవ్వాపుకోలేక ముఖం తిప్పుకుంది.

నాట్లు పూర్తయ్యాయా? చిన్నప్పుడు మడిలో నన్ను పక్కన నిలబెట్టుకొని పాట నేర్పిన పూలమ్మను ఆదివారం బస్సెక్కించు. నాట్ల పాటకు వెనక అందుకునే గొంతు కావాలి. విదేశాల్లో ఆ లోటుతోనే పాడాను. ఆమెతో కలిసి ఒక్కసారి పాడి టేపులో పట్టుకోవాలి. నువ్వు మాత్రం సంతకం కోసమని బయలుదేరవద్దు. పిల్లలకు ఆశీస్సులు.

వచ్చే బుధవారం ఆపరేషన్. కాగితం మీద నేనే సంతకం చేసి ఇచ్చేశాను.

అక్క, సుభద్ర