మీ అక్క తుడిచిన కెమెరా

దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం

నరేష్,

ఆ రోజు ఉదయం మీ అక్క గడప కడిగి, స్టూలెక్కి, ప్రతి శుక్రవారంలాగే గేటు మీది కెమెరా అద్దాన్ని కొంగుతో తుడిచింది. మధ్యాహ్నం గుండెలో నొప్పి అన్నది. దవాఖానకు చేరేలోపే పోయింది.

కెమెరా పెట్టించింది నువ్వు కాబట్టి అది నీ ఫోన్లోనే కనిపిస్తుంది. పదోనాడు ఆ ఉదయాన్ని అందరికీ చూపించావు. "తమ్మీ, కనవడుతున్ననా? మీ బావ పేపర్ల మునిగిండు, నువ్వన్న జూడు" అని ఆమె నవ్వుతుంటే అందరూ ఏడుస్తూనే నవ్వారు. నేను మాత్రం చూడకుండా లేచి లోపలికి వెళ్లాను.

నీ మీద నాకు అసూయగా ఉంది. ఆమె చివరిసారి నవ్వింది నీతో. పదడుగుల దూరంలో ఉండి నేను తలెత్తలేదు.

ముప్పై రోజులు దాటితే మా ఇంట్లోని రికార్డరు పాతది చెరిపేసి, దాని మీద కొత్తది ఎక్కించుకుంటుందట. రేపటికి ముప్పై. నిన్ను అడిగి తెప్పించుకోవడానికి మనసొప్పలేదు. అందుకే ఎల్బీనగర్‌లో నీ షాపు షటర్ కింద ఈ కాగితం వేసి వస్తున్నాను. రేపటినుంచి నీ ఫోన్లో మా గేటు కనిపించదు. కంగారు పడకు. దొంగలు వస్తే రానీ.

రేపు పొద్దున్నే కెమెరా తీగలు పీకేసి, రికార్డరును టీవీకి తగిలించి, తలుపేసుకుని మీ అక్కను ఒక్కడినే చూస్తాను.

మీ బావ